దారి బాగుంది

నాకు ఈత రాదు. కొల్లేరులో ఒక లంక ఊరికి ముగ్గురు విద్యార్థుల్ని ఏడాది పొడవునా తీసుకెళ్లిన లెక్చరర్ని నేను. ఈ మాట వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా. మేడం అన్నాక అన్నీ వచ్చే ఉంటాయనుకున్నారేమో.

తాడేపల్లిగూడెం ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ చెబుతాను. రెండో ఏడు చదివే పిల్లలు వేసవిలో ఏదైనా ఊరికి వెళ్లి అక్కడి వాళ్లకి పనికొచ్చే ప్రాజెక్టు చేయాలని యూనివర్సిటీ నిబంధన. చాలామంది పిల్లలు సొంతూరు వెళ్లి, నాలుగు ఫోటోలు దిగి, పంచాయతీ ఆఫీసులో స్టాంపు వేయించుకుని వచ్చేస్తారు. మేమూ చూసీ చూడనట్టు సంతకాలు పెట్టేస్తాం. ఆ ఏడు మాత్రం నేను పట్టుబట్టాను. చదివిన చదువు ఒక్క ఇంటికైనా ఉపయోగపడాలని క్లాసులో పెద్ద మాటలే చెప్పాను. ఆ మాటలు నమ్మిన పిల్లలు ముగ్గురు.

ఒకమ్మాయిది మండవల్లి వైపు లంక ఊరు. వాళ్ల నాన్న దోనె మీద చేపలు పట్టేవాడు. ఇంకో అమ్మాయిది ఏలూరు. కుర్రాడు గణపవరం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. కొల్లేరు అమ్మాయి క్లాసులో నోరెత్తేది కాదు. ప్రాజెక్టు ఏం చేద్దామని నేను అడిగితే మాత్రం వెంటనే చెప్పింది.

"మా ఊరికి ఒకటే రోడ్డండి మేడం. మధ్యలో పల్లంగా చప్టా ఉంది. వానాకాలం పైనుంచి బుడమేరు వాగు నీళ్లు దిగితే చప్టా మునిగిపోద్ది. మునిగిందో లేదో సగం దూరం వచ్చాక గానీ తెలీదు. మనం ముందే ఫోన్లో చెప్పగలమా?"

చెప్పగలమన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

చప్టా పక్కన నీళ్లలో నిలువుగా ఒక లావుపాటి పీవీసీ పైపు పాతాం. అడుగున చుట్టూ బెజ్జాలు. బయట నీళ్లెంత ఎత్తుంటే పైపు లోపలా అంతే ఎత్తుంటాయి. లోపల థర్మోకోల్ బంతి తేలుతూ ఉంటుంది. పైన బిగించిన సెన్సారు ఆ బంతి ఎంత దూరంలో ఉందో కొలిచి, సిమ్ కార్డు ద్వారా ఊరివాళ్ల ఫోన్లకి గంటకోసారి మెసేజ్ పంపుతుంది. మూడే మూడు మెసేజ్‌లు. దారి బాగుంది. జాగ్రత్త. రావద్దు.

పైపు పాతిన రోజు కొల్లేరు అమ్మాయి వాళ్ల నాన్న నడుం లోతు నీళ్లలో నిలబడి సాయం చేశాడు. పని అయ్యాక బెజ్జాల మీద చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడ గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుంటాయండి మేడంగారు. ఒండ్రు కూడా చేరుద్ది. పూడిపోద్దేమో చూసుకోండి" అన్నాడు.

"చూద్దాంలెండి" అన్నాను. ఎండ మండిపోతోంది, బస్సు టైమవుతోంది.

ఊరివాళ్లు ఆ మెసేజ్‌కి ఎంత త్వరగా అలవాటు పడ్డారంటే, రెండు నెలలకి దాని గురించి మాట్లాడుకోవడం మానేశారు. అందరికంటే ముందు నంబరు రాయించుకున్నది ఊరి మొదట్లో కొట్టు నడిపే ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక ఒంటరిగానే ఆ కొట్టు నెట్టుకొస్తోంది. సరుకుల కోసం టీవీఎస్ బండి మీద తనే మండవల్లి వెళ్లొచ్చేది. మేం వెళ్లినప్పుడల్లా కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా బిస్కెట్ పొట్లం విప్పి చేతిలో పెట్టేది.

"ఇదివరకు బండి తియ్యాలంటే నలుగుర్ని అడిగేదాన్నండి. ఇప్పుడు మీ ఫోన్నే అడుగుతున్నా" అనేది నవ్వుతూ.

ఆ మాటకి నేనెంత పొంగిపోయానో. కాలేజీలో కనీసం పదిమందికి చెప్పుకుని ఉంటాను.

అది జరిగిన రోజు వాన లేదు. ఆకాశం తెల్లగా, పొడిగా ఉంది. పైన ఎక్కడో కొండల వైపు వానలు పడ్డాయని రెండు రోజుల కిందట పేపర్లో చూశాను. మా దగ్గర ఎండ కాస్తోంది కాబట్టి పట్టించుకోలేదు. పిల్లలు అప్పటికి మూడో ఏడుకి వచ్చారు. రిపోర్టు కోసం బ్యాటరీ ఎలా ఉందో చూడాలని, ఏలూరులో బస్సెక్కి కైకలూరు మీదుగా మండవల్లి చేరాం. అక్కణ్నుంచి ఆటో.

చప్టాకి ఇవతల, రోడ్డు ఎత్తుగా ఉన్నచోట, ఆటో అతను బండి ఆపి జేబులోంచి ఫోన్ తీశాడు. అతని ఫోన్‌కీ మా మెసేజ్ వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"రెండింటికి వచ్చిందండి. దారి బాగుందంట" అని మళ్లీ గేరు వేశాడు.

నాకు గర్వంగా అనిపించింది.

కొంతదూరం పోయాక రోడ్డు మీద తడి కనిపించింది. పల్చటి పొరలా నీళ్లు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జారుతున్నాయి. "తడేనండి" అన్నాడు ఆటో అతను. ఇంకొంచెం పోయాం. చక్రాల చప్పుడు మారింది. ఎడమవైపు గుర్రపుడెక్క పచ్చగా పెద్ద చాపలా రోడ్డు మీదికి ఎక్కుతోంది. అది కదులుతోందని ముందు నాకు తెలియలేదు. ఆటోయే కదులుతోంది కాబట్టి అలా ఉందనుకున్నాను. తర్వాత ఇంజను ఆగిపోయింది. ఆటో ఆగినా ఆ పచ్చటి చాప ఆగలేదు.

నీళ్లు నా చెప్పుల్లోకి వచ్చాయి. చల్లగా ఉన్నాయి. ఏలూరు అమ్మాయి కాళ్లు సీటు మీదికి తీసుకుంది. ఆటో అతను రెండుసార్లు స్టార్టు చేయబోయి వదిలేశాడు. నేను వెనక్కి చూశాను. మేం వచ్చిన రోడ్డు లేదు. రోడ్డుకి రెండు వైపులా ఉండే తెల్లరాళ్లు మాత్రం నీళ్లలోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి. అవి కూడా అన్నీ లేవు. నాలుగైదుచోట్ల ఖాళీలు.

సరిగ్గా అప్పుడే మా అందరి ఫోన్లు ఒకేసారి మోగాయి. మూడైంది.

గణపవరం కుర్రాడు ఫోన్ చూసి నాకేసి చూశాడు. పైకి చదవక్కర్లేదు. నా ఫోన్లోనూ అదే ఉంది. దారి బాగుంది.

భయమంటే గుండె వేగంగా కొట్టుకోవడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ క్షణం నా గుండె గురించి నాకేం తెలియలేదు. చెవులు మూసుకుపోయినట్టయింది. ముగ్గురు పిల్లల తల్లిదండ్రుల ముఖాలు వరసగా కళ్లముందుకి వచ్చాయి. వాళ్లలో ఇద్దర్ని నేను అసలు చూడనేలేదు. అయినా ముఖాలు వచ్చాయి.

"దిగుదామండి మేడం" అంది కొల్లేరు అమ్మాయి. "నీళ్లు ఇంకా పెరుగుతాయి. ఇప్పుడైతే మోకాలి లోతే."

"ఎటు?"

"వెనక్కేనండి. ముందర తూము ఉంది, అక్కడ లాగుద్ది. చెప్పులు తీసేయండి. కాలికి తారు తగిలితే రోడ్డు. మెత్తగా తగిలితే ఆగిపోండి."

క్లాసులో ప్రశ్న అడిగితే తలదించుకునే అమ్మాయి ముందు నడిచింది. ఆమె భుజం మీద ఏలూరు అమ్మాయి చెయ్యి, ఆ అమ్మాయి భుజం మీద నా చెయ్యి, నా వెనక కుర్రాడు, చివర ఆటో అతను. పిల్లల చివర నేనుండాలి కదా, వాళ్లకి కాపలాగా. నేను మధ్యలో ఉన్నాను. కుర్రాడే నన్ను ముందుకి తోసి వెనక నిలబడ్డాడు. నేను ఒప్పుకున్నాను. నాకు ఈత రాదని నా నడకలోనే తెలిసిపోయి ఉంటుంది.

నీళ్లు పక్కనుంచి నెడుతున్నాయి. గట్టిగా కాదు. ఎవరో మాటిమాటికీ మోకాలి మీద చెయ్యి వేసి పక్కకి జరగమన్నట్టు. గుర్రపుడెక్క వేళ్లు పిక్కలకి చుట్టుకుంటే విదిలించుకోవడానికి కాలు ఎత్తాలి. ఎత్తితే ఒంటికాలి మీద నిలబడాలి. ఏలూరు అమ్మాయి నోట్లో ఏదో గొణుగుతోంది. దేవుణ్ని తలుచుకుంటోందనుకున్నాను. దగ్గర్నుంచి విన్నాక తెలిసింది, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. ఒకచోట నా కుడికాలికి మెత్తగా తగిలింది. ఆగిపోయాను. వెనక నుంచి కుర్రాడు నా నడుం దగ్గర చీర పట్టుకుని ఎడమవైపుకి లాగాడు. మళ్లీ తారు తగిలింది.

ఎత్తు రోడ్డు చేరాక అందరం నేల మీద కూలబడ్డాం. బస్సుకోసం కట్టిన చిన్న షెల్టరు ఉందక్కడ. ఒడ్డెక్కాక భయం తగ్గాలి. కానీ అప్పుడే అసలైనది మొదలైంది. కొల్లేరు అమ్మాయి తడిసిన చున్నీతో ముఖం తుడుచుకుంటూ, "మేడం, ఆ మెసేజ్ ఊరంతా వెళ్లుంటది" అంది.

ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి నంబరూ ఆ లిస్టులో ఉంది. అందరి నంబర్లూ మేమే ఎక్కించాం. కుర్రాడు బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాడు. అది తడవలేదు. లిస్టు తెరిచి నలుగురం పంచుకున్నాం. వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాం.

"ఏవండీ, కాలేజీ నుంచండి. చప్టా మీదికి రాకండి. మెసేజ్ తప్పండి. తప్పుగా వచ్చిందండి."

కొందరు వెంటనే అర్థం చేసుకున్నారు. కొందరు "ఇప్పుడే బాగుందని వచ్చిందే" అని వాదించారు. ఒక పెద్దాయన అయితే, "మెసేజ్ తప్పో, మీరు తప్పో ఎలా తెలుస్తదమ్మా?" అని అడిగాడు. "నేను నీళ్లలోంచి నడిచొచ్చానండి" అన్నాను. "అయితే రాంలే" అన్నాడు.

ఫోన్ ఎత్తి ఎవరైనా హలో అంటే చాలు, ఒక మనిషి ఇంట్లో ఉన్నట్టే. పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాం. చివరికి మూడు నంబర్లు మిగిలాయి. రెండు ఎత్తారు. మూడోది మోగుతోంది, ఎవరూ ఎత్తడంలేదు. అది కొట్టు ఆవిడ నంబరు.

కొల్లేరు అమ్మాయి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"ఆవిడ ఇప్పుడే బండేసుకుని పోయిందిగా. పావుగంట అయ్యుంటది. ఏం?"

అమ్మాయి చెప్పింది. "నువ్వక్కడే ఉండు. మేడంగార్ని కూడా ఉండమను" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాతి సమయాన్ని నేను గడియారంతో చెప్పలేను. గంట కంటే తక్కువే అని తర్వాత పిల్లలన్నారు. షెల్టరు అంచున నిలబడి నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాను. దూరంగా మా ఆటో పసుపు పచ్చగా, బొమ్మలా కనిపిస్తోంది. నీళ్లు సీటు దాకా వచ్చాయి. కొంగలు మాత్రం ఎప్పట్లాగే గుర్రపుడెక్క మీద నడుస్తున్నాయి. నేను ఆవిడ నంబరుకి చేస్తూనే ఉన్నాను. ఒకసారి చేస్తే మోగడం ఆగిపోయింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. నీళ్లలో పడ్డ ఫోన్ ఎంతసేపు మోగుతుందో ఎలక్ట్రానిక్స్ చదివినదాన్ని, నాకు తెలుసు. ఆ తెలియడం కంటే ఏమీ తెలియకపోవడమే మేలనిపించింది.

కుర్రాడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మేడం, కోడ్ మొత్తం చూశానండి. కోడ్‌లో తప్పు లేదండి" అన్నాడు. ఏడుస్తున్నాడు. "సరేలేరా" అన్నాను. కోడ్‌లో తప్పుంటే బాగుండేదని ఇద్దరికీ ఉందనుకుంటాను. తప్పెక్కడుందో నాకప్పటికే తెలిసిపోయింది. నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక మనిషి చెబితే చూద్దాంలెండి అన్న నా గొంతు నాకే వినపడుతోంది.

దోనె మొదట ఒక నల్లటి గీతలా కనిపించింది. అందులో ఇద్దరున్నారో ఒక్కరే ఉన్నారో తెలియడంలేదు. కొల్లేరు అమ్మాయి కళ్లు చికిలించి చూసి, "నాన్న నిలబడి కర్ర వేస్తున్నాడు. ముందర ఏదో ఉందండి" అంది. మనిషి అనలేదు. ఏదో అంది. షెల్టరు స్తంభం పట్టుకున్నాను.

దోనె ఇంకా దగ్గరికి వచ్చాక ఆ ఏదో చెయ్యెత్తి తలమీది కొంగు సర్దుకుంది.

ఏలూరు అమ్మాయి ఒక్కసారిగా ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

కొట్టు ఆవిడ తూము దగ్గర బండితో సహా పక్కకి పడిపోయిందట. బండి పోయింది. ఆవిడ ఒక తెల్లరాయిని రెండు చేతులా వాటేసుకుని అలాగే ఉండిపోయింది. మోచేతుల నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. అమ్మాయి వాళ్ల నాన్న ఆవిడ వేళ్లు ఒక్కొక్కటిగా ఆ రాయి మీంచి విడదీయాల్సొచ్చిందట. ఒడ్డున కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే రెండు గుక్కలు తాగి నాకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"మెసేజ్ వచ్చిందమ్మా. అయినా నీళ్లు చూసి ఆగాను. దూరంగా ఆటో నిలబడి కనపడింది. ఆటో వచ్చిందంటే దారి బాగున్నట్టేగా అనుకున్నా."

ఆ ఆటో మాదేనని అప్పుడు ఆవిడకి తెలియదు. నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ కూర్చుంది.

నీళ్లు తీశాక వారానికి వెళ్లి పైపు పీకాం. అడుగున బెజ్జాలన్నీ పూడిపోయి, వేళ్లూ ఒండ్రూ కలిసి సిమెంటులా బిగిసి ఉన్నాయి. బయట కొల్లేరంతా పొంగినా పైపు లోపల నీళ్లు ఎండాకాలంలో ఉన్నంతే ఉన్నాయి. థర్మోకోల్ బంతి ఆ కొద్ది నీళ్ల మీదే తేలుతూ ఉంది. సెన్సారు దాన్ని చక్కగా కొలిచింది. కోడ్‌లో నిజంగానే తప్పులేదు.

ఆ రోజు పంచాయతీ అరుగు మీద ఊరివాళ్లని కలవడానికి పిల్లలు భయపడ్డారు. నేను ఇంకా ఎక్కువ భయపడ్డాను. కొడతారేమో, కాలేజీ మీద కేసు పెడతారేమో అని బస్సులో ఏవేవో ఊహించుకున్నాను. పైపుని మధ్యలో పెట్టి, జరిగిందేమిటో కొల్లేరు అమ్మాయే లేచి చెప్పింది. తన ఊరి ముందు, తన వాళ్ల ముందు. చెప్పడం అయ్యాక కొట్టు ఆవిడ, చేతులకి కట్లతో, పైపు పక్కన కూర్చుని ఆ పూడికని గోటితో గీకి చూసింది.

"దీన్ని అప్పుడప్పుడూ కడగాలని మాకు ఒక్క మాట చెప్తే మేం కడిగేవాళ్లం కదండీ" అంది.

నిజమే. వాళ్లకి మేం నంబర్లు అడిగాం, ఫోటోలు అడిగాం, సంతకాలు అడిగాం. పైపు ఎలా పనిచేస్తుందో, ఎలా ఆగిపోతుందో మాత్రం ఏ రోజూ చెప్పలేదు. వాళ్లకి అర్థంకాదనుకున్నామో, అవసరంలేదనుకున్నామో. పొద్దున లేస్తే ఆ నీళ్లలోనే ఉండే మనుషులకి నీళ్ల సంగతి మేం మెసేజ్ పెట్టాం.

పిల్లలు ఆ సెలవుల్లో తెల్లరాళ్ల మీద ఎర్రరంగుతో గీతలు గీశారు. ఏ గీత మునిగితే ఆగిపోవాలో ఊరివాళ్లే చెప్పారు. పైపు మళ్లీ పెట్టాం. ఇప్పుడది దారి బాగుందని ఎప్పుడూ చెప్పదు. నీళ్లెంత ఉన్నాయో చెప్పి, రాయి చూసుకుని రండి అంటుంది.

రిపోర్టు చివర కొల్లేరు అమ్మాయి ఒక పేజీ రాసింది. మేం చేసిన తప్పు అని దాని పైన పెట్టింది. మా హెచ్‌వోడీ అది చూసి నన్ను గదికి పిలిచారు. కాలేజీ తనిఖీకి కమిటీ వచ్చే నెలలవి.

"ఇదుండాలంటారా?" అన్నారు.

నేను నిలబడే ఉన్నాను. ఉద్యోగం, ఇంటి అద్దె, మావారి ముఖం అన్నీ గుర్తొచ్చాయి. "ఉండాలండి" అన్నాను. అనేశాక వెనక్కి తీసుకుందామనిపించింది కూడా. ఆయన పేజీ మళ్లీ మొదటినుంచి చదివారు.

"ఆవిడ బాగానే ఉన్నారా?"

"ఉన్నారండి. చేతుల మీద మచ్చలు మాత్రం పోలేదు."

ఆయన సంతకం పెట్టి ఇచ్చేశారు. కమిటీవాళ్లు ఆ రిపోర్టు తెరిచారో లేదో నాకు తెలియదు.

ఈ ఏడు ఈ ప్రాజెక్టులో కొత్త పిల్లలు నలుగురు చేరారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి తల్లి నాకు ఫోన్ చేసింది. నెమ్మదైన గొంతు.

"ఏవండీ మేడంగారూ, కొల్లేరు తీసుకెళ్తున్నారంట. భయమేం లేదు కదండీ?"

ఏం లేదండి అనడం ఎంత సులువో నాకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఉందండి" అన్నాను. చప్టా గురించి, ఆటో గురించి, కొట్టు ఆవిడ గురించి మొత్తం చెప్పాను. నీళ్లున్న రోజుల్లో వెళ్లబోమని, ఎర్రగీతలు చూసుకుని ఊరివాళ్లు రమ్మంటేనే అడుగు పెడతామని చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాక అడిగింది.

"మీరు కూడా పక్కనే ఉంటారాండి?"

"ఉంటానండి."

"అయితే సరేనండి" అంది.

ఫోన్ పెట్టేశాక స్టాఫ్ రూంలో కుర్చీలోంచి లేవలేకపోయాను. నేను చెప్పినదంతా విని కూడా ఆవిడ సరే అంది. తర్వాతి క్లాసుకి బెల్లు కొట్టారు. హాజరు పట్టీ తీసుకుని వెళ్లాను. పేర్లు పిలుస్తుంటే ఆ తల్లి కూతురు మూడో బెంచీలోంచి చెయ్యెత్తింది. తలెత్తి ఆమె ముఖం చూశాను. తర్వాత పేరు పిలవడానికి నాకు కాస్త సమయం పట్టింది.